ఇమ్మాన్యుయేల్ జాల్ పాట - మనం వినాల్సిన మాట

(సంఘం వార్షికోత్సవ సభలో సాంస్కృతిక కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ నాలుగు మాటలు కమిటీలోని వాళ్లమంతా కూర్చొని మాట్లాడుకొని రాసుకున్నవి. అందుకే 'నేను' అనకుండా 'మేము' అంటున్నాం. ఇందులో ఒప్పుకోవాల్సిన తప్పు కూడా ఒకటుంది. అది కూడా మా అందరిదీ.

ప్రతి ఏడాదీ ఈ సభలో మన పోరాట వీరుల గురించో, మన వేల్పుల గురించో, మన నృత్యాల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి ఆఫ్రికాలో పుట్టిన ఒక ర్యాప్ గాయకుడి గురించి మాట్లాడతామంటే కొందరు పెద్దలు ముఖం చిట్లించారు. "మన సభలో ఆ గోలెందుకు?" అని అడిగారు. అడగడం న్యాయమే. నాలుగేళ్ల కిందట మేము కూడా సరిగ్గా అదే మాట అన్నాం. ఆ సంగతి చివర్లో చెబుతాం. ముందు ఆ మనిషి కథ వినండి.

ఆయన పేరు ఇమ్మాన్యుయేల్ జాల్. ఇప్పుడు దక్షిణ సూడాన్ అని పిలుస్తున్న దేశంలో, టోంజ్ అనే చోట, నువేర్ తెగలో పుట్టాడు. 1980 ప్రాంతంలో పుట్టాడని చెప్పుకుంటాడే గానీ అసలు తేదీ ఆయనకే తెలియదు. మనలో చాలామంది పెద్దలకు కూడా బడిలో పంతులు రాసిందే పుట్టినరోజు కదా, ఇదీ అలాంటిదే.

నువేర్‌లు నైలు నది చిత్తడి నేలల్లో ఆవుల మందలతో బతికే జనం. బయటివాళ్లు వాళ్లను నువేర్ అంటారు. వాళ్లు మాత్రం తమను తాము 'నాథ్' అనుకుంటారు. నాథ్ అంటే మనుషులు అని అర్థం. ఇది చదివినప్పుడు మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మనల్ని లోకం కోయవాళ్లు అంటుంది, గోండులు అంటుంది. మనం మాత్రం మన మాటలో కోయితోర్ అనుకుంటాం. దానికీ మనుషులు అనే అర్థం. ఎక్కడి నైలు, ఎక్కడి గోదావరి! ఒకరి ఊసు ఒకరికి తెలియకుండానే రెండు చోట్లా జనం తమకు పెట్టుకున్న పేరు ఒకటే.

ఇంకో పోలిక కూడా ఉంది. నువేర్ కుర్రవాడు పెద్దవాడయ్యాడని తెగ ఒప్పుకున్నప్పుడు అతనికి ఒక ఎద్దును ఇస్తారు. ఆ ఎద్దు రంగును బట్టి అతనికి ఇంకో పేరు వస్తుంది. ఆ ఎద్దు మీద, తన మీద తానే పాట కట్టి నలుగురిలో పాడతాడు. పుస్తకం లేదు, రాత లేదు. పాటే వాళ్లకు పరిచయ పత్రం. హిప్ హాప్ గాయకులు సొంతంగా ఒక పేరు పెట్టుకొని తమ గురించి తామే పాడుకోవడం చూసి అదేదో పరదేశపు పోకడ అనుకుంటాం. ఆ జనంలో అది తరతరాల అలవాటే.

ఆ పిల్లవాడు పుట్టిన మూడేళ్లకే, 1983లో, సూడాన్‌లో రెండో అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తరాన ఖార్టూమ్ ప్రభుత్వం, దక్షిణాన విమోచన సైన్యం. 22 ఏళ్లు సాగింది. సుమారు 20 లక్షల మంది చచ్చిపోయారని అంచనా. ఎక్కువమంది తుపాకీ గుండుకు కాదు, ఆకలికీ రోగానికీ. జాల్ తండ్రి విమోచన సైన్యంలో చేరాడు. తల్లి యుద్ధంలో చనిపోయింది. చదువు చెప్పిస్తారని నమ్మి వేలాది మగపిల్లలు కాలినడకన ఇథియోపియాకు బయలుదేరారు. జాల్ కూడా ఆ వరుసలో నడిచాడు. ఆ పిల్లల్నే తర్వాత ప్రపంచం 'లాస్ట్ బాయ్స్' అని పిలిచింది. సుమారు 20 వేల మంది ఉంటారంటారు.

ఇథియోపియాలో పిన్యుడో అనే శరణార్థి శిబిరం. అక్కడ బడి ఉండేది. బడితో పాటు, బయటి వాళ్లు చూడని చోట, సైనిక శిక్షణ కూడా ఉండేది. ఏడెనిమిదేళ్ల పిల్లవాడి చేతికి తనకంటే బరువైన తుపాకీ ఇచ్చారు. అతను యుద్ధం చేశాడు. చేసిన పనుల్ని తర్వాత దాచిపెట్టలేదు. పాటలో, పుస్తకంలో చెప్పుకున్నాడు. 1991లో ఇథియోపియా ప్రభుత్వం కూలిపోవడంతో శరణార్థులు మళ్లీ సూడాన్ దారి పట్టారు. ఆ తర్వాత దాదాపు 400 మంది పిల్లలతో కలిసి పోరు నుంచి పారిపోయి, నెలల తరబడి నడిచి వాట్ అనే ఊరు చేరాడు. దారిలో ఆకలికీ దాహానికీ చాలామంది రాలిపోయారు. చేరినవాళ్లు అతి కొద్దిమంది.

వాట్‌లో అతని రాత మారింది. ఎమ్మా మెక్యూన్ అనే బ్రిటిష్ యువతి అక్కడ పిల్లలకు బళ్లు పెట్టే పనిలో ఉండేది. దక్షిణ సైన్యంలో పెద్ద నాయకుడైన రీక్ మాచార్‌ను ఆమె పెళ్లి చేసుకుంది. ఈ పిల్లవాడు సైనికుడు కాకూడదని పట్టుబట్టి, సహాయ సామగ్రి తెచ్చే విమానంలో దాచి, కెన్యా రాజధాని నైరోబీకి చేర్చింది. అప్పటికి అతనికి పదకొండేళ్లు ఉంటాయి. బడిలో వేశారు. అంతలోనే, 1993 నవంబరులో, ఎమ్మా నైరోబీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. అమ్మ రెండోసారి పోయినట్టయింది. ఆమె స్నేహితులు కొంత ఆదుకున్నారు. అయినా అతను నైరోబీ మురికివాడల్లో, కాగితాలు లేని శరణార్థిగా చాలాకాలం గడిపాడు.

మిత్రులారా, ఇక్కడి నుంచి పాట కథ.

హిప్ హాప్ న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటలో పుట్టింది. 1973 ఆగస్టు 11న అక్కడ ఒక అపార్టుమెంటు కింది హాల్లో కూల్ హెర్క్ అనే కుర్రవాడు రికార్డులు తిప్పిన రాత్రిని దాని పుట్టినరోజుగా చెప్పుకుంటారు. ఆ కూల్ హెర్క్ జమైకా నుంచి వలస వచ్చినవాడు. అంటే ఈ కళ మొదటి నుంచీ పొట్టచేత పట్టుకొని వచ్చిన వాళ్ల కళే. రెండు గ్రామఫోన్లు, ఒక మైకు, చెప్పాల్సిన సంగతి ఉంటే చాలు. సంగీతం బడికి పోనక్కర్లేదు. ఖరీదైన వాయిద్యం కొననక్కర్లేదు. అందుకే పేదపేటల్లో అంత వేగంగా పాకింది.

1990ల రెండో సగంలో నైరోబీలో ప్రైవేటు ఎఫ్ఎం రేడియోలు వచ్చాయి. అంతకు ముందు అంతా ప్రభుత్వ రేడియోనే. అదే కాలంలో డాండోరా అనే పేదపేట నుంచి కలమషాకా అనే బృందం స్వాహిలీలో ర్యాప్ చేసి ఊరంతా మోగించింది. అమెరికా ఇంగ్లీషులో కాకుండా తమ వీధి భాషలో పాడితే రేడియో వేస్తుంది, జనం వింటారు అని కుర్రకారుకు అప్పుడే తెలిసింది. నైరోబీలో మటాటు అనే చిన్న బస్సులుంటాయి. మన సర్వీసు ఆటోల్లాగే పాట పెద్దగా పెట్టుకొని తిరుగుతాయి. ఏ పాట మటాటులో మోగితే ఆ పాట ఊరెక్కినట్టు.

జాల్ చర్చి పాటలతో మొదలుపెట్టాడు. నిద్రలో వచ్చే యుద్ధం కలల నుంచి పాటే తనకు తెరిపినిచ్చిందని చాలాచోట్ల చెప్పాడు. గాయకుడు కావాలని కలగన్నవాడు కాదు. తలలో ఉన్నది బయటకు పోవడానికి అతనికి దొరికిన దారి అది. మొదట వచ్చిన ఒక భక్తి పాట కెన్యాలో బాగా ఆడింది. ఆ తర్వాత 'గువా' అనే పాట వచ్చింది. గువా అంటే నువేర్ మాటలో శాంతి అనీ, సూడాన్ అరబ్బీలో శక్తి అనీ చెబుతారు. ఒకే మాట, రెండు వైపుల వాళ్లకూ అర్థమయ్యే మాట. ఆ పాట కెన్యాలో మొదటి స్థానానికి పోయింది. అదే పేరుతో వచ్చిన ఆల్బమ్‌లో నువేర్, డింకా, అరబ్బీ, స్వాహిలీ, ఇంగ్లీషు, అన్నీ కలిపి పాడాడు.

ఈ భాషల సంగతి కాస్త ఆగి చూడాలి. నువేర్‌లకూ డింకాలకూ ఆవుల కోసం, మేత కోసం పాత తగాదాలున్నాయి. 1991లో దక్షిణ సైన్యమే రెండుగా చీలినప్పుడు ఆ చీలిక తెగల మధ్య నెత్తురుగా పారింది. ఇక అరబ్బీ అంటే ఉత్తరాది ప్రభుత్వం భాష, తన ఊరిని తగలబెట్టిన వాళ్ల భాష. ఇవన్నీ ఒకే ఆల్బమ్‌లో పాడాడంటే, నేను ఏ ఒక్క పక్షం పాటగాణ్నీ కాను అని చెప్పినట్టే.

2005 జనవరి 9న నైరోబీలో ఉత్తర, దక్షిణాల మధ్య శాంతి ఒప్పందం కుదిరింది. అదే ఏడాది 'సీజ్‌ఫైర్' అనే ఆల్బమ్ వచ్చింది. అందులో జాల్ పక్కన అబ్దెల్ గాదిర్ సలీం పాడాడు. ఆయన ఉత్తర సూడాన్‌లోని కొర్దోఫాన్ ప్రాంతానికి చెందిన ముస్లిం, ఊద్ వాయించే పెద్ద విద్వాంసుడు, వయసులో జాల్ కంటే చాలా పెద్ద. దక్షిణాన క్రైస్తవ బాలసైనికుడిగా తుపాకీ పట్టిన కుర్రవాడు, ఉత్తరాది పెద్దమనిషి, ఒకే పాటలో. పాట వెనుక ఊద్ మోగుతుంది, డోలు మోగుతుంది, మధ్యలో ర్యాప్ నడుస్తుంది. కొత్తదీ పాతదీ ఒకదానికొకటి శత్రువులని మేము అనుకునేవాళ్లం. ఈ ఆల్బమ్ విన్నాక ఆ మాట అనలేకపోయాం.

ఆ ఏడాదే జులై 2న లండన్ హైడ్ పార్కులో ఆఫ్రికా పేదరికం మీద లైవ్ 8 అనే భారీ కచేరీ జరిగింది. ఆఫ్రికా పేరు మీద కచేరీ. కానీ ఆఫ్రికా కళాకారుల్లో ఎక్కువమందికి హైడ్ పార్కులో చోటు దొరకలేదు. దూరంగా కార్న్‌వాల్‌లోని ఈడెన్ ప్రాజెక్టు దగ్గర వేరే వేదిక వేశారు. జాల్ అక్కడ పాడాడు. పేరు మాది, వేదిక మీది అన్న విమర్శ అప్పుడు గట్టిగానే వచ్చింది. ఆదివాసీ దినోత్సవాల్లో మన పిల్లలచేత అతిథుల ముందు కొమ్ము నృత్యం చేయించి, ఫొటోలు దిగి, మైకు మాత్రం వేరేవాళ్లకే ఇచ్చే సభలు మనం చూశాం. కాబట్టి ఆ విమర్శ మనకు అర్థం కావడానికి ఎవరి వివరణా అక్కర్లేదు.

2008లో 'వార్‌చైల్డ్' ఆల్బమ్ వచ్చింది. అందులో తనను కాపాడిన ఎమ్మా మీద ఒక పాట ఉంది. యుద్ధంలో తాను చేసినవీ, తనచేత చేయించినవీ చెప్పుకున్న పాట ఉంది. ఇంకోటి, అమెరికాలో ఎంతో పేరున్న ర్యాప్ గాయకుడు 50 సెంట్‌ను పేరుపెట్టి నిలదీసిన పాట. తుపాకులు, కాల్పులతో నిండిన ఆయన వీడియో గేమ్‌ను పిల్లలు ఆడుకుంటున్నారనే బాధతో కట్టిన పాట అది. నిజంగా తుపాకీ మోసిన పిల్లవాడు, తుపాకీని ఆటవస్తువుగా అమ్మేవాణ్ని అడిగిన ప్రశ్న. హిప్ హాప్ అంటే బంగారు గొలుసులు, బూతులు అనుకునేవాళ్లు ఈ ఒక్క పాట సంగతైనా తెలుసుకోవాలి.

ఇక ప్రసార మాధ్యమాల సంగతి. పాట ఒక్కటే అయితే ఆయన కథ ఇంత దూరం వచ్చేది కాదు. 2008లో ఆయన మీద 'వార్ చైల్డ్' డాక్యుమెంటరీ వచ్చింది. న్యూయార్క్‌లోని ట్రైబెకా చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి గెలిచింది. 2009లో అదే పేరుతో ఆత్మకథ వచ్చింది. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో టెడ్ వేదిక మీద మాట్లాడాడు, పాడాడు. యూట్యూబ్‌లో ఇప్పటికీ చూడొచ్చు. పిల్లలూ, ఇంటికి వెళ్లాక చూడండి. 2014లో 'ద గుడ్ లై' అనే హాలీవుడ్ సినిమాలో, అమెరికా చేరిన లాస్ట్ బాయ్స్‌లో ఒకడిగా నటించాడు. ఆ సినిమాలో సూడాన్ కుర్రవాళ్ల పాత్రల్లో నటించిన వాళ్లలో గెర్ దువానీ అనే ఇంకో మాజీ బాలసైనికుడు కూడా ఉన్నాడు. తమ కథను తామే తెర మీద చెప్పారు. వేరేవాళ్లు రంగు పూసుకొని చెప్పలేదు.

ఇప్పుడు సమాజ సేవ. ఇది మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది.

జాల్ గువా ఆఫ్రికా అనే సంస్థ పెట్టాడు. సూడాన్, కెన్యాల్లో యుద్ధం వల్ల చదువుకు దూరమైన పిల్లలను బడిలో వేయడం దాని పని. తనను కాపాడిన ఎమ్మా పేరు మీద లీర్ అనే ఊళ్లో ఒక బడి కట్టాలనుకున్నాడు. లీర్‌లోనే ఎమ్మా సమాధి ఉంది. డబ్బుల కోసం ఏం చేశాడో తెలుసా? 2008 చివర్లో ఒక మొక్కు లాంటిది పెట్టుకున్నాడు. బడికి డబ్బు కూడేదాకా రోజుకు ఒక్కపూటే తింటానని. పొద్దున లేదు, మధ్యాహ్నం లేదు, రాత్రి మాత్రమే. అలా 600 రోజులు దాటాయి. చిన్నప్పుడు ఆకలితో చావు అంచు దాకా పోయినవాడు కావాలని మళ్లీ ఆకలిని ఎంచుకున్నాడు. కచేరీలు మాత్రం మానలేదు.

2011 జనవరిలో దక్షిణ సూడాన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. నూటికి 98 మందికి పైగా విడిపోవడానికే ఓటు వేశారు. ఆ సమయంలో గొడవలు చెలరేగకూడదని జాల్ శాంతి కోరుతూ ఒక పాట, ప్రచారం నడిపాడు. ఆలీసియా కీస్, జార్జ్ క్లూనీ లాంటి పేరున్నవాళ్లు ఆ వీడియోలో కనిపించారు. ఆ ఏడాది జులై 9న కొత్త దేశం పుట్టింది.

కథ ఇక్కడితో ఆపేస్తే చప్పట్లు కొట్టొచ్చు. కానీ నిజం అలా లేదు. 2013 డిసెంబరులో కొత్త దేశంలోనే యుద్ధం మొదలైంది. ఒకవైపు డింకా తెగకు చెందిన అధ్యక్షుడు సాల్వా కీర్. రెండోవైపు నువేర్ తెగకు చెందిన రీక్ మాచార్, అంటే ఎమ్మా భర్త. 2014 మొదటి నెలల్లో లీర్ ఊరు దోపిడీకీ మంటలకూ గురైంది. జనం అడవుల్లోకి, చిత్తడి నేలల్లోకి పారిపోయారు. ఏ ఊరికోసం ఆ మనిషి వందల రోజులు పస్తున్నాడో ఆ ఊరు తగలబడింది.

అప్పుడు ఆయన ముందు సులువైన దారి ఒకటుంది. తన తెగ పక్షాన పాట కట్టొచ్చు. తనను పెంచిన ఇంటి మనిషే ఆ పక్షానికి నాయకుడు. జాల్ ఆ పని చేయలేదు. శాంతి మాటే మళ్లీ ఎత్తుకున్నాడు. పాట యుద్ధాన్ని ఆపిందా అంటే ఆపలేదు. కానీ యుద్ధానికి పాటను అప్పగించలేదు. అది తక్కువ పనా?

2018లో ఇంకో ఆల్బమ్ వచ్చింది. ఈసారి చెల్లెలు న్యారువాచ్‌తో కలిసి. యుద్ధంలో చిన్నప్పుడే విడిపోయి, ఏళ్ల తర్వాత కలుసుకున్న అన్నాచెల్లెళ్లు వాళ్లు. చెల్లెలు శరణార్థి శిబిరంలో బతికింది. అన్న అప్పటికి కెనడాలోని టొరంటోలో స్థిరపడ్డాడు. పాటలు ఎక్కువగా నువేర్ మాటలోనే. ఆల్బమ్ పేరు 'నాథ్'. అవును, మొదట్లో చెప్పిన ఆ మాటే. మనుషులు. ఇంగ్లీషులో పాడి ప్రపంచమంతా తిరిగినవాడు పదమూడేళ్ల తర్వాత మళ్లీ తన తెగ తనకు పెట్టుకున్న పేరు దగ్గరికే వచ్చాడు. వినేవాళ్లకు భాష తెలియకపోయినా కాళ్లు ఆడే పాటలవి.

ఇక్కడే ఇంకో శరణార్థి గాయకుడి అనుభవం ఒక్క ముక్కలో చెబుతాం. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ అప్పుడు 'వేవిన్ ఫ్లాగ్' అనే పాట మన ఊళ్లల్లో సెల్‌ఫోన్ రింగుటోనుగా కూడా మోగింది. పాడిన కెనాన్ సోమాలియావాడు. 1991లో మొగదిషు తగలబడుతుంటే ఇంటివాళ్లతో బయటపడి, చివరికి టొరంటో చేరాడు. ర్యాప్ రికార్డులు వింటూ ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఆయన బంధువు మగూల్ సోమాలియాలో గొప్ప గాయని. 2012లో ఆయన ఒక పెద్ద అమెరికా పత్రికలో వ్యాసం రాశాడు. ఎక్కువమందికి నచ్చాలని కంపెనీ చెప్పినట్టు తన పాటల్లోంచి సోమాలియాను పలచన చేశానని, అది తనను తాను కోసుకోవడమేనని ఒప్పుకున్నాడు. కోట్లమంది విన్న గాయకుడు బాహాటంగా ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. మన పాటలకు డీజే బీటు వేసి, మాటలన్నీ తీసేసి, పేరు మాత్రం 'ట్రైబల్ సాంగ్' అని పెట్టి యూట్యూబ్‌లోకి వదిలేవాళ్లు కూడా ఈ మాట వినాలి.

ఇక మా తప్పు దగ్గరికి వస్తున్నాం.

నాలుగేళ్ల కిందట ఇదే సభలో ఒక కుర్రవాడు మైకు దగ్గరికి వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. వాళ్లది గోదావరి ఇవతల, అడవి అంచున ఉన్న వలస గూడెం. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో గొడవలు ముదిరినప్పుడు సుక్మా, బీజాపూర్ వైపు నుంచి వేలాది కుటుంబాలు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చాయి. వాళ్ల మాట మన మాటే, వాళ్ల వేల్పులు మన వేల్పులే. కానీ రాష్ట్రం హద్దు దాటడంతో ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ దొరకదు. దేశం దాటలేదు కాబట్టి శరణార్థులు అనరు. సొంత ఊళ్లో లేరు కాబట్టి స్థానికులూ అనరు. పోడు కొడితే కేసు, కొట్టకపోతే ఆకలి. ఆ గూడెంలో పుట్టి పెరిగిన పిల్లవాడు మన కోయ మాటలో ర్యాప్ కట్టుకొని వచ్చాడు.

మొదటి నాలుగు మాటలు పూర్తి కాకముందే మేము ఆపేశాం. "బాబూ, ఇది మన సంస్కృతి సభ. ఈ సినిమా గంతులు ఇక్కడొద్దు. వస్తే రేలా పాట పాడు, లేదంటే దిగు" అన్నాం. ముందు వరుసలో నవ్వారు. పిల్లవాడు తలవంచుకొని దిగిపోయాడు. మళ్లీ మన సభకు రాలేదు.

జాల్ కథ చదువుతున్నప్పుడు మాకు ఆ పిల్లవాడే గుర్తొచ్చాడు. వాకబు చేస్తే ఫోన్ నంబరు దొరికింది. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. ఫోన్ చేసి, తప్పయింది అన్నాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "దాదా, ఆరోజు మీరు నా పాట బాగాలేదన్నా బాధపడేవాణ్ని కాదు. మీరు వినలేదు. అది మా తాత చెప్పిన పాటే. మా ఊరు వదిలి నడిచొచ్చిన దారిలో ఏ వాగు తర్వాత ఏ వాగు వస్తుందో తాత రేలాలో పాడేవాడు. నేను దాన్నే బీటు మీద చెప్పాను."

మాకు నోట మాట రాలేదు. రేలా పాట పాడమన్నాం. వాడు పాడింది రేలా పాటే.

ఆ తాత ఇప్పుడు లేడట. ఆ పాట పూర్తిగా తెలిసిన మనిషి ఇంకొకరు ఆ గూడెంలో లేరట. ఇప్పుడు రాస్తున్నావా అని అడిగితే, పొద్దుటి నుంచి పనే సరిపోతోంది దాదా, రాయడం మానేశాను అన్నాడు. తాత పాట ఎంతవరకు గుర్తుంది అంటే, సగం అన్నాడు.

పెద్దలారా, మన పాటకు గౌరవం రాలేదని మేము అనడం లేదు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారి కోయ డోలికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడాది మర్లవాయి కనకరాజు గారి గుస్సాడీకి వచ్చింది. ఆ రోజు మనమంతా మనకే వచ్చినట్టు పొంగిపోయాం. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి మాట వినిపిస్తే ముసలివాళ్లు పని ఆపి విన్న రోజులు మాకు గుర్తున్నాయి. ఢిల్లీ మన పెద్దలకు చప్పట్లు కొట్టింది. మన పిల్లల నోటిని మాత్రం మనమే మూశాం. డోలి పటం విప్పి సమ్మక్క సారలమ్మ చరిత్ర పాడిన మొదటి మనిషి కూడా ఏదో ఒక రోజు కొత్తవాడే అయి ఉంటాడు కదా.

జాల్‌ను దేవుణ్ని చేయమని మేము చెప్పడం లేదు. ప్రతి ర్యాపూ మంచిదేననీ అనడం లేదు. తాగుడునీ కత్తినీ గొప్పగా చెప్పే పాటను మన వేదిక మీద మేమే ఆపుతాం. కానీ ఆపేముందు వింటాం. ఆ కుర్రవాడు అడిగింది అంతే.

అందుకే మా కమిటీ మూడు పనులు అనుకుంది. మీరు ఒప్పుకుంటే వచ్చే ఏడాది నుంచి మొదలుపెడతాం.

మొదటిది, ఈ సభలో ఒక గంట మన పిల్లలకు. ఏ తీరులో పాడినా సరే, మన మాటలో సొంతంగా కట్టిన పాట అయితే చాలు. వలస గూడేల పిల్లలకు సర్టిఫికెట్ అడగం.

రెండోది, ప్రతి గూడెంలో పెద్దల పాటలు సెల్‌ఫోన్‌లో రికార్డు చేయడం. ఎవరు పాడారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడతారు అని పక్కనే రాసి పెట్టడం. పాడినవాళ్ల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టం. దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు. ఆశ్రమ పాఠశాల పిల్లలు సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు తాతమ్మ పక్కన ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.

మూడోది, ఒక పెద్ద, ఒక పిల్ల. అబ్దెల్ గాదిర్ సలీం పక్కన జాల్ నిలబడ్డట్టు, డోలి పెద్ద పక్కన ర్యాప్ కుర్రవాడు. పెద్దవాడు పాట అసలు రూపు చెబుతాడు. చిన్నవాడు దాన్ని ఇప్పటి చెవులకు వినిపిస్తాడు. ఇద్దరూ పోట్లాడుకుంటే ఇంకా మంచిది, పాట ఇద్దరికీ ముఖ్యమైందని తెలుస్తుంది.

ఆ కుర్రవాణ్ని ఈ రోజు సభకు రమ్మని పిలిచాం. మేస్త్రీ సెలవు ఇవ్వలేదని, వచ్చే ఏడాదికి చూస్తానని అన్నాడు. వస్తాడో రాడో మాకు తెలియదు. వాడు రాకపోతే అది వాడి తప్పు కాదు. కానీ నిన్న రాత్రి ఒక చిన్న ఆడియో పంపాడు. పనిచేసే భవనం దగ్గర రికార్డు చేసినట్టుంది, వెనుక ఇనుప చువ్వల చప్పుడు వినిపిస్తోంది. తాత పాటలో తనకు గుర్తున్న సగం. నాలుగు వాగుల పేర్లు వరకు ఉంది. ఐదో వాగు దగ్గర ఆగిపోయింది.

ఇక్కడ కూర్చున్న పెద్దల్లో ఆ దారిన నడిచి వచ్చినవాళ్లు కొందరున్నారని మాకు తెలుసు. భోజనాల తర్వాత ఆ ఆడియో ఇదే మైకులో వినిపిస్తాం. ఐదో వాగు పేరు ఎవరికైనా తెలిస్తే దయచేసి వెళ్లిపోకుండా మా దగ్గరికి రండి.